రానివాళ్ళు ఒప్పుకున్నట్టే

ఫిబ్రవరి 6

చిన్నోడా,

నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఆ కొండ మీద ఫోను పలకదని నువ్వు బాధపడుతున్నావుగాని, నాకు మాత్రం హాయిగా ఉంది. ఫోనులో మనిద్దరం మాట్లాడుకుంటే మూడో మాటకే పోట్లాట. ఉత్తరమైతే నేను చెప్పేది అయ్యేదాకా నువ్వు నోరు మూసుకుని వినక తప్పదు.

కాబట్టి విను. కరెంటు లైన్లు వేయించే ఉద్యోగం నీది, బదిలీ మీద పోయావు. బాగానే ఉంది. పోతూ పోతూ ఈ వీధి సంఘం సెక్రటరీ పదవిని నా నెత్తిన పెట్టి పోయావు చూడు, అందుకు నీ మీద నాకు పీకలదాకా కోపం ఉంది. "రెండు నెలలే అక్కా, ఈలోగా ఎవరో ఒకరు దొరుకుతారు" అన్నావు. ఏడాది దాటింది. ఇంతవరకూ ఎవరూ దొరకలేదు.

మొన్న ఆదివారం మీటింగు పెట్టాను. మన పిండిమర షెడ్డులో గోధుమ బస్తాలు ఒక మూలకి నెట్టి, నేలంతా కడిగి, కుర్చీలు తెచ్చి వేశాను. నోటీసు ప్రతి ఇంటి తలుపుకీ నా చేత్తో అంటించాను. ఎవరొచ్చారనుకున్నావు? డ్రాయింగు మాస్టారు ఒక్కడే. ఆయనా మీటింగుకని కాదు, పిండి పట్టించుకుందామని డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. వరసగా వేసి ఉన్న ఖాళీ కుర్చీలు చూసి గుమ్మంలోనే ఆగిపోయి, "అమ్మా, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా?" అని గొంతు తగ్గించి అడిగాడు. మీటింగని చెప్పాను. "అట్లాగా, కానివ్వండి, కానివ్వండి" అని టీ తాగి, డబ్బా నా దగ్గరే వదిలేసి జారుకున్నాడు.

వీధి చివర మురుగుకాలువ మూత పగిలి ఎన్నాళ్ళయిందో. దాని గురించి మునిసిపాలిటీకి రాయాలంటే సంఘం తీర్మానం కావాలట. అందుకని ఆ కుర్చీల ముందు నిలబడి తీర్మానం పైకి చదివి, నా చెయ్యి నేనే ఎత్తి, లెక్కపెట్టుకుని, పుస్తకంలో ఏకగ్రీవం అని రాశాను. అంతా నువ్వు పెట్టిన నిబంధన పుణ్యం. "మీటింగుకి రానివాళ్ళు తీర్మానానికి ఒప్పుకున్నట్టే లెక్క." ఎవరైనా కిటికీలోంచి చూస్తే, మొగుడు పోయి ఈవిడకి మతి పోయిందనుకుంటారు. ఆ క్షణాన నాకు తల తీసేసినట్టయింది.

ఆ నిబంధన తీసి పారేద్దామనుకుంటున్నాను. మనుషులు రావాలి, మాట్లాడాలి, చెయ్యెత్తాలి. అంతేగాని ఇదేం సంఘం?

మర సంగతి అడుగుతావు కదా. రాళ్ళు నునుపెక్కిపోయి పిండి బరకగా పడుతోంది, మళ్ళీ గాట్లు పడేలా కక్కు కొట్టించాలి. మీ బావ ఉండగా ఆ పని ఆయనే చూసుకునేవాడు. నీ ఇంట్లో అద్దెకున్న బస్సు కండక్టరు బెల్టు మార్చి పెట్టాడు. మంచివాడు. ఇంటి యజమాని కంటే నయం.

ఒళ్ళు మండుతున్న,
నీ అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలికి పైకి చదివి వినిపించాను. మాస్టారి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నవ్వు ఆపుకోలేక లేచి వెళ్ళిపోయింది. నువ్వు నన్ను తిట్టినచోట మాత్రం వెనక్కి వచ్చి మళ్ళీ చదివించుకుంది.

ఇక్కడ సంగతి ఏముంది, గాలి. పగలంతా గాలి. టవరెక్కిన మనిషి కింద ఉన్నవాడికి చెప్పేది వినబడదు. అందరం చేతులూపి మాట్లాడుకుంటున్నాం. ఇంటికొచ్చి కూడా చేతులే ఊపుతున్నానట.

నిబంధన జోలికి మాత్రం పోకు. నీకు గుర్తుందో లేదో, వానాకాలంలో మోకాటి లోతు నీళ్ళలో ఇళ్ళకి వెళ్ళిన రోజుల్లో కాలువ తవ్వించాలని నేను ఎన్ని మీటింగులు పెట్టాను? సగం మంది కూడా రాలేదని ప్రతిసారీ వాయిదా. విసిగిపోయి ఆ వాక్యం రాశాను. కాలువ వచ్చింది. ఆ వాక్యం లేకపోతే ఈపాటికి మన వీధిలో పడవలు నడిచేవి. ఇంట్లో కూర్చున్నవాడి కోసం వీధి ఆగిపోకూడదక్కా.

జనం రావాలంటే వేరే దారి ఉంది. నోటీసులు అంటించడం మానెయ్. నోటీసు చూసి ఎవడూ రాడు. నువ్వే ఇంటింటికీ వెళ్ళు. మీటింగుకి రమ్మని అడగకు. "మన వీధిలో మీకు దేని మీద కోపం?" అని అడుగు. ఏదో ఒకటి చెబుతారు. అదే కాగితం మీద రాసుకుని, "ఇది మీటింగులో పెడతాను, వచ్చి మీరే చెప్పండి" అను. కోపం ఉన్నవాడు తప్పకుండా వస్తాడు. నా మాట విని ఒక్కసారి చేసి చూడు.

నమస్కారాలతో,
నీ చిన్నోడు

కక్కు కొట్టేవాళ్ళు పెద్ద బజారు వెనక ఉంటారు. బావ వాళ్ళనే పిలిచేవాడు.


మార్చి 15

చిన్నోడా,

నీ సలహా పట్టుకుని వారం పాటు సాయంత్రాలు కాళ్ళు అరిగేలా తిరిగాను. మర కట్టేసి, తల మీద పిండి దులుపుకుని బయల్దేరడం. సరిగ్గా దులుపుకోలేదేమో, ఒక ఇంట్లో పసిపిల్ల నన్ను చూసి జడుసుకుని ఏడ్చింది.

నువ్వు చెప్పింది నిజమేరా. మీటింగని అంటే మొహం చాటేసే వాళ్ళు, కోపమెందుకని అడిగేసరికి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వాళ్ళకి ఇన్ని కోపాలున్నాయని నాకే తెలియదు. దీపాలు వెలగవని ఒకరు, ఎదురింటి కారు తమ గుమ్మానికి అడ్డమని ఇంకొకరు. ఆ ఎదురింటాయనకేమో వీళ్ళ గుమ్మం తన కారుకి అడ్డమని కోపం. మూడంతస్తుల ఇల్లు కట్టుకున్న పళ్ళ డాక్టరైతే నాలుగు పేజీలు చెప్పాడు. మా మరకి వచ్చేవాళ్ళ సైకిళ్ళ దగ్గర్నుంచి వీధి కుక్కల దాకా అన్నీ ఉన్నాయి అందులో. చదువుకున్న మనిషి, మాట తీరు బాగుంది. పెద్దరికం ఇస్తే పని చేసేలా ఉన్నాడు.

ఇక చివరింటి నర్సు. రాత్రి డ్యూటీ ఆవిడకి. మొదట ఏమీ లేదు లేదంది. నేను లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "అమ్మగారూ, ఏమీ అనుకోకండి, పగలు కన్ను మూతపడదు, మీ మర చప్పుడుకి" అంది. అనేసి తనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏమనుకుంటానురా? నిజమే కదా. ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు నాకు వినిపించడమే మానేసింది, పక్కవాళ్ళకి వినిపిస్తుందన్న సంగతే మరిచిపోయాను. అందరి కోపాలూ రాసిన కాగితం మీదే ఆఖర్న "పిండిమర చప్పుడు" అని నా చేత్తో నేనే రాశాను. సెక్రటరీ అన్నాక తన పర భేదం ఉండకూడదు కదా.

ఆ నిబంధన రద్దు చేసే సంగతి కూడా మీటింగులో పెడదామనుకుంటున్నాను. జనం వచ్చేటప్పుడు ఇక అది దేనికి?

ఈసారి కుర్చీలు చాలవేమోనని బెంగగా ఉంది. ఈ బెంగ బాగుందిరా.

నీ అక్క


మార్చి 28

అక్కా,

చూశావా మరి! నా మాట వింటే ఎప్పుడూ ఇంతే. ఇది అచ్చు వేయించి మర గోడకి అతికించు.

నిబంధన మాత్రం కదపకు. నామీద ఒట్టు. ఒక మీటింగుకి వచ్చినంత మాత్రాన జనం మారిపోయినట్టు కాదు. కోపం తీరగానే మళ్ళీ ఇంట్లోనే ఉంటారు. అప్పుడు నువ్వు మళ్ళీ ఒంటిచేత్తో తీర్మానం చెయ్యాల్సిందే.

నర్సు విషయంలో కాస్త కనిపెట్టుకుని ఉండు. కళ్ళనీళ్ళతో మాట్లాడేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ భయం. నువ్వు మరీ గంగిగోవులా ఉండి, నీ మర పేరు నువ్వే రాసుకోవడం ఏమిటి? సరే, రాస్తే రాశావు, వేళలేవో సర్దుకో, అంతటితో పోతుంది. పెద్దగా పట్టించుకోకు.

పళ్ళ డాక్టరు నాకు ఉత్తరం రాశాడు. మన మొదటి నంబరు ఇల్లు ఆస్పత్రికి కావాలట, ఆగస్టు నుంచి. కండక్టరు ఎలాగూ జూలైలో ఖాళీ చేస్తానని అన్నాడు కదా, సరే చూద్దామని రాశాను. పెద్దమనిషిలాగే ఉన్నాడు. పక్కన మర ఉంటే రోగులకి ఇబ్బంది కాదా అని అడిగాడు. నేనేం తక్కువ తిన్నానా? "అది సంఘం చూసుకుంటుంది, సంఘం మాటే నా మాట" అని రాసి పడేశాను. సంఘమంటే నువ్వే కదా! ఇక నోరెత్తడు.

నీ చిన్నోడు


ఏప్రిల్ 20

తమ్ముడూ,

మీటింగు జరిగింది. కుర్చీలు చాలలేదు. ఆడవాళ్ళు బస్తాల మీద కూర్చున్నారు, లేచాక వెనక తెల్లటి అచ్చులు. అందరూ నవ్వుకున్నారు. వీధిలో ఒకరి నవ్వు ఒకరు చూసి ఎన్నాళ్ళయిందో. ఎవరెవరు ఏ పని చూసుకోవాలో పంచుకున్నారు. దీపాల సంగతి ఒకాయన తీసుకున్నాడు, నాలుగు రోజుల్లో వెలిగాయి కూడా. అధ్యక్షుడిగా పళ్ళ డాక్టరుని నేనే ప్రతిపాదించాను.

మర సంగతి వచ్చినప్పుడు నేనే లేచి చెప్పాను. నర్సు డ్యూటీ నుంచి వచ్చి పడుకునే వేళ మర ఆడదు, సాయంత్రం మాత్రమే ఆడుతుంది అన్నాను. నర్సు సరేనంది, నా చెయ్యి పట్టుకుంది. బేరం పొద్దుటిపూటే ఎక్కువ, సగం పోతుంది. పోనీలే అనుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మీ బావ ఉంటే చూసేవాడు కదా అనిపించింది.

నీ మాట కాదనలేక నిబంధన సంగతి ఎత్తలేదు.

ఇంతవరకూ బాగుంది. మీటింగయ్యాక పళ్ళ డాక్టరు వెనకే ఉండి, కుర్చీలు మడతపెట్టడంలో సాయం చేస్తూ, "వేళలు తగ్గిస్తే సరిపోదండీ. ఇళ్ళ మధ్య అసలు మర ఏమిటి? రేపు మీ తమ్ముడి ఇంట్లో ఆస్పత్రి వస్తోంది, ఆయనకీ ఇదే అభిప్రాయం" అన్నాడు.

నీకూ ఇదే అభిప్రాయమా? నీ మార్చి ఉత్తరంలో ఆస్పత్రి సంగతి చదివి, ఏదో మాట వరసకి అన్నావులే అనుకుని ఊరుకున్నాను. నా గోడకి గోడ ఆనుకున్న ఇల్లు. ఇచ్చే ముందు నన్ను ఒక్క మాట అడగాలని తోచలేదా?

అక్క


మే 2

అక్కా,

నీ ఉత్తరం మొదటి సగం చదివి ఎగిరి గంతేశాను, రెండో సగం చదివి కింద పడ్డాను.

అభిప్రాయం ఏమిటి, గాడిదగుడ్డు? ఆయన ఏదో అని ఉంటాడు. నా ఇల్లు నేను అద్దెకిచ్చుకోవడం కూడా తప్పేనా? మరదలికి ఇక్కడ ఒంట్లో బాగుండటం లేదు, గాలి పడటం లేదు. పట్నంలో చూపించాలంటున్నారు. నాలుగు రాళ్ళు ఎక్కువ వస్తాయని ఒప్పుకున్నాను. నీకు పోటీగా మర పెట్టేవాడికి ఇవ్వలేదు కదా!

నీకు చిన్నప్పట్నుంచీ అంతే. నేను ఎవరితో స్నేహంగా ఉన్నా వాడు నీకు శత్రువు. వేళల సంగతి తేలిపోయిందని నువ్వే రాశావు. తేలిపోయినదాన్ని పట్టుకుని మళ్ళీ ఎందుకు పీకులాట? వీధంతా నీ వెనక నిలబడి ఉంటే నీకు భయమేమిటి?

కాస్త చల్లబడ్డాక రాయి.

తమ్ముడు


మే 18

తమ్ముడికి,

మరదలి ఆరోగ్యం సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదు? పట్నం తీసుకెళ్ళు, ఆలస్యం చేయకు. నేను వచ్చి వండిపెట్టాలంటే కబురు చెయ్యి, వస్తాను.

జూన్ మొదటి ఆదివారం మీటింగు. ఈసారి పిలిచింది నేను కాదు, అధ్యక్షుడు. నోటీసులు అన్ని తలుపులకీ అంటించారు, నీ ఇంటి తలుపుకీ అంటించారు. విషయం నీకు తెలిసే ఉంటుంది, ఆయనకీ నీకూ ఉత్తరాలు నడుస్తున్నాయి కదా. ఆ మాట నా నోటితో నేను చెప్పుకోను, దేబిరించను. వస్తే రా. రాకపోతే నీ ఇష్టం.

అక్క


మే 28

అక్కా,

ఇప్పుడే పట్నం నుంచి వచ్చాం. మందులిచ్చారు, ఫరవాలేదన్నారు. నువ్వేమీ రానక్కర్లేదు.

మీటింగుకి రావడం కుదరదు. ఉన్న సెలవు కాస్తా ఇందుకే అయిపోయింది. విషయం ఏమిటో నువ్వు రాయలేదు, వీధి మొదట గేటు పెట్టాలని డాక్టరు అప్పుడెప్పుడో రాశాడు, అదే అనుకుంటాను. పెట్టుకోండి, నాకేం అభ్యంతరం? నేను రాకపోతే మాత్రం ఏం, ఒప్పుకున్నట్టే కదా! నువ్వున్నావు, చాలు. నా బదులు కూడా నువ్వే గట్టిగా మాట్లాడు.

కోపం తగ్గిందని ఆశ.

చిన్నోడు


జూన్ 14

మొదటి నంబరు ఇంటి యజమాని గారికి,

జూన్ మొదటి ఆదివారం జరిగిన మీటింగులో చేసిన తీర్మానాన్ని సభ్యులకి తెలియజేయడం సెక్రటరీగా నా విధి. ఇళ్ళ మధ్య పిండిమర నడపరాదని, దాని లైసెన్సును మునిసిపాలిటీ ఇక పొడిగించరాదని సంఘం తీర్మానించింది. కాగితం అప్పుడే ఆఫీసుకి వెళ్ళింది.

ఎలా జరిగిందో కూడా రాస్తాను, నువ్వు పెట్టిన సంఘం ఎంత బాగా నడుస్తోందో నీకు తెలియాలి.

పళ్ళ డాక్టరు తీర్మానం చదివాడు. నర్సు లేచింది. రాత్రంతా డ్యూటీ చేసి, నిద్ర మానుకుని వచ్చింది. "నాకే కదా ఇబ్బంది, నేనే సర్దుకున్నాను, మీకేమిటి? ఆవిడ నోటి దగ్గర కూడు తీస్తారా?" అంది. నువ్వు కనిపెట్టుకుని ఉండమన్న మనిషి ఆవిడే. కండక్టరు కూడా వచ్చాడు, అద్దెకున్నవాళ్ళకి చెయ్యెత్తే హక్కు లేదని వెనక నిలబెట్టారు. చేతులు లెక్కపెట్టారు. వచ్చినవాళ్ళలో మర ఉండాలన్న చేతులే ఎక్కువ. ఒక్క నిమిషం నా గుండె నిండిపోయింది.

అప్పుడు డాక్టరు పుస్తకం తెరిచి నీ వాక్యం చదివాడు. కోపంగా కూడా కాదు, పన్ను పీకే ముందు నవ్వినట్టు నవ్వుతూ చదివాడు. రాని ఇళ్ళ నంబర్లు ఒక్కొక్కటే పిలిచాడు. మొదట ఒకటో నంబరు. "ఈయనైతే సంఘం మాటే నా మాట అని నాకు రాసి కూడా ఇచ్చారు" అన్నాడు. అందరూ నా మొహంలోకి చూశారు. ఎటు చూడాలో నాకు తెలియలేదు.

మిగతా రానివాళ్ళు ఎవరనుకున్నావు? నా దగ్గర పిండి పట్టించుకునేవాళ్ళే. డాక్టరుతో చెడ్డ కావడం ఎందుకు, నాతో చెడ్డ కావడం ఎందుకు, మధ్యలో మనకెందుకని ఇంట్లో కూర్చున్నారు. అక్కడ నువ్వూ అంతే కదా.

మర్నాడు డ్రాయింగు మాస్టారు డబ్బా పట్టుకుని వచ్చాడు. "ఇవాళ కూడా ఆడదా అమ్మా?" అన్నాడు. "ఇక ఆడదు మాస్టారూ, మూసెయ్యాలని మీరు ఒప్పుకున్నారు కదా" అన్నాను. "నేనా? నేనసలు మీటింగుకే రాలేదే!" అని నిర్ఘాంతపోయాడు. గోధుమల డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు పాపం. ఆయన్ని తిట్టబుద్ధి కాలేదు.

నిన్ను తిట్టబుద్ధవుతోంది. గేటు అనుకున్నావా? నిజంగా గేటే అనుకున్నావా, లేక అలా అనుకుంటే నీకు సుఖంగా ఉంటుందని అనుకున్నావా?

ఇట్లు,
సెక్రటరీ


జూన్ 25

అక్కా, అక్కా,

ఎన్నిసార్లు మొదలుపెట్టి చింపేశానో. మీ మరదలు నాతో మాట్లాడటం మానేసింది.

నిజంగా గేటే అనుకున్నానక్కా. నోటీసు నా ఇంటి తలుపుకి అంటించారు, ఆ తలుపు ముందు నేనెక్కడున్నాను? నువ్వు విషయం రాయలేదు, ఒక్క మాట రాయాల్సింది. మర పోతుందని రాస్తే ఉద్యోగం వదిలేసైనా వచ్చేవాడిని కాదా? సంఘం మాటే నా మాట అన్నది నువ్వే సంఘమని కదా! ఆ వెధవకి ఇల్లు ఇవ్వనని రాసేశాను. ఇప్పుడది ఎందుకూ కొరగాదని నాకూ తెలుసు.

నా మాట ఒక్కటి విను, ఇదే ఆఖరు సలహా. మర అమ్మకు, మోటారు విప్పించకు. జూలై రెండో ఆదివారం నువ్వే మీటింగు పిలువు. దీపాలు వెలుగుతున్నాయి, మర ఆగింది, ఇక ఎవరికీ కోపం లేదు. ఎవడూ రాడు, చూస్తూ ఉండు. నేను వస్తాను. సెలవు అడిగాను, ఇస్తామన్నారు. మనిద్దరం చేతులెత్తి, మర తిరిగి తెరవాలని తీర్మానం రాద్దాం. రానివాళ్ళందరూ ఒప్పుకున్నట్టే. వాడి మందు వాడికే తాగిద్దాం.

ఈసారి తప్పకుండా వస్తాను. మీ మరదలి మీద ఒట్టు.

నీ చిన్నోడు


జూలై 16

చిన్నోడా,

నీకు దెబ్బలేమీ తగల్లేదు కదా? పెద్ద గాలికి టవర్లు ఒరిగాయనీ, సెలవులన్నీ రద్దయ్యాయనీ సోమవారం కండక్టరు ఎక్కడో విని వచ్చి చెప్పాడు. అంతవరకూ తెలియదు. నువ్వు బాగున్నావని ఒక్క ముక్క రాయి చాలు, ఇంకేమీ రాయకు.

నువ్వు చెప్పినట్టే మీటింగు పిలిచాను. నువ్వన్నట్టే ఎవరూ రాలేదు. డాక్టరు పైన ఇంకో అంతస్తు వేయిస్తున్నాడు, పగలంతా సుత్తుల మోత, ఇప్పుడు నర్సుకి మొత్తానికే నిద్ర లేదు. ఆదివారం తన అక్క ఇంటికి వెళ్ళి పడుకుంటోంది, రమ్మని నేనూ అడగలేదు. ఈసారి కుర్చీలు అద్దెకు తేలేదు. ఇంట్లోవి రెండు వేశాను, నీకొకటి నాకొకటి. మధ్యాహ్నం బస్సు పోయింది, సాయంత్రం బస్సూ పోయింది. నీ కుర్చీ మీద పిల్లి పడుకుంది.

పుస్తకం తెరిచాను. మర ఎదురుగా ఉంది, మోటారు విప్పలేదు, నీ మాట విన్నాను. ఒక్క వాక్యం రాసి చెయ్యెత్తితే చాలు, రేపు పొద్దున్నే బెల్టు వేసుకోవచ్చు. నన్ను అడిగేవాడు లేడు. నీ వాక్యమే వాళ్ళ నోళ్ళు మూయిస్తుంది. చెయ్యి ఎత్తాను కూడా. ఎత్తి చూసుకున్నాను. ఫిబ్రవరిలో కాలువ మూత కోసం ఎత్తిన చెయ్యే. అప్పుడూ సిగ్గేసింది, ఇప్పుడూ సిగ్గేసింది.

మూయించడానికి వాళ్ళు ఖాళీ కుర్చీల్ని లెక్కపెట్టారు. తెరిపించుకోవడానికి నేనూ వాటినే లెక్కపెడితే, ఇక ఆ పళ్ళ డాక్టరుని ఏ మొహంతో తిడతాను? నాకు తిట్టాలని ఉందిరా. బతికినంతకాలం తిట్టాలని ఉంది. అది కూడా పోగొట్టుకోలేను.

దించేశాను. మర కొనేవాడికి రమ్మని కబురు చేశాను, సోమవారం వచ్చి పట్టుకుపోయాడు. రాళ్ళు లేపినచోట నేల మీద గుండ్రంగా మచ్చ పడింది, ఎంత కడిగినా పోవడం లేదు. బజారులో పొట్లాల పిండి అమ్మే కొట్లో తూకం వేసే పని ఉందన్నారు. వెళతాను. ఆ పిండి ముట్టుకుని చూశాను, మెత్తగానే ఉంది, వాసన లేదు.

సంఘం పుస్తకం, ముద్ర, నోటీసులు అంటించే జిగురు డబ్బా నీ ఇంట్లో పెట్టించాను. కండక్టరు ఖాళీ చేసే ముందు నీకు తాళాలు పంపుతాడు. ఇక సెక్రటరీవి నువ్వే, వేరే ఎవరో దొరికేదాకా.

ఆదివారం నేను రాసిన తీర్మానం ఒక్కటే. ఆ నిబంధనని రద్దు చేశాను. చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. వీధంతా ఒప్పుకున్నట్టే.

నువ్వూ ఒప్పుకున్నట్టే, చిన్నోడా. రాలేదు కదా.

అక్క